డాక్టరుగారి నోట్లో గొంతు

బస్ స్టేషన్ అనౌన్సరు రోజూ డ్యూటీ ఎక్కేముందు ఉబ్బసానికి ఇన్‌హేలరు రెండుసార్లు పీల్చేది. పీల్చాక గంటసేపు నీళ్ళు ముట్టేది కాదు, మందు కడుక్కుపోతుందని. ఆ గంటలోనే నలభై బస్సులు పిలిచేది. మందు మొదలెట్టిన రెండేళ్ళకి గొంతు బొంగురుపోయింది. మొన్న సోమవారం పూర్తిగా పోయింది. మైకులో గాలి తప్ప ఏమీ రాలేదు.

"శుక్రవారందాకా చూస్తానమ్మా," అన్నాడు మేనేజరు. "ఆపైన మీరు ఇంటికి, మైకులోకి రికార్డింగు."

గురువారం ఆమె డాక్టరు దగ్గరికి వెళ్ళింది. వరండాలో బెంచీలన్నీ నిండిపోయాయి.

"లోపల మాట్లాడేది నీ గొంతేగా అక్కా?" అంది పక్కనున్న టైలరు. "సోమవారం నుంచీ డాక్టరుగారికి అదే. నా బస్సొచ్చిందేమోనని రెండుసార్లు లేచాను."

నిజమే. పద్దెనిమిదేళ్ళు సానబట్టిన ఆమె గొంతు తలుపు వెనక ఎవరికో విరేచనాల గురించి చెబుతోంది.

డాక్టరు ఆమె నోట్లోకి లైటు వేసి చూశాడు.

"మందు గొంతులో మిగిలిపోతోంది," అన్నాడు, ఆమె గొంతుతోనే. "పీల్చాక పుక్కిలించి ఉమ్మెయ్యమని చెప్పానుగా?"

"చెప్పలేదు." ఊపిరి మాత్రమే బయటికొచ్చింది.

"డబ్బాలో కాగితం ఉంటుంది. అందులో రాసుంటుంది."

"చీమ తలకాయంత అక్షరాల్లో."

"రోజుకి అరవైమంది వస్తారమ్మా. ఎంతమందికని చెప్పను?"

"నేను మూడొందల బస్సులు చెబుతాను. ఒక్కోటి మూడుసార్లు. బోర్డు మీద రాసుంది చదువుకోండని ఎవరితోనైనా అన్నానా?"

ఆమె కుర్చీని బల్ల పక్కకి లాక్కుని కూర్చుంది.

"ఇవాళ ఇన్‌హేలరు వాడేవాళ్ళందరికీ చెప్పండి. మూడేసిసార్లు. అందాకా నేనిక్కణ్ణుంచి కదలను."

"బెదిరిస్తున్నారా?"

"అవును."

ముందుగా టైలరు వచ్చింది. డాక్టరు మూడుసార్లు చెప్పాడు. "అయ్యో, నాలుగేళ్ళ నుంచీ పీలుస్తున్నా. ఒక్కరూ చెప్పి చావలేదే!" అంది. తర్వాత డాక్టరు బస్ కండక్టరుకి చెప్పాడు, ఇద్దరు టీచర్లకి చెప్పాడు. చెప్పినకొద్దీ ఆయన గొంతు సన్నబడుతూ వచ్చింది. ఆమె కదల్లేదు.

ముసలి మేస్త్రీ వంతు వచ్చేసరికి డాక్టరు నోరు తెరిచాడు. బుస్సుమంది.

"ఏంటండీ?" అని మేస్త్రీ చెవి దగ్గర చెయ్యి పెట్టుకున్నాడు.

"మందు పీల్చగానే నీళ్ళతో గొంతుదాకా పుక్కిలించి ఉమ్మెయ్యాలి తాతా," అంది ఆమె. వరండాలో చివరి బెంచీదాకా వినబడింది. ఇంకో రెండుసార్లు చెప్పింది.

డాక్టరు చీటీ మీద గబగబా ఏదో రాసి ఆమె ముందుకి తోశాడు.

ఆమె చదవలేదు. తలుపు వైపు తిరిగి, "తర్వాతెవరు?" అని పిలిచింది.