నిద్రలో చెప్పిన ఊరు

కట్టుడుపళ్ళు చేసి బతికే మాస్టారికి మధ్యాహ్నమంటే ప్రాణం. పొద్దుటి పని అయిపోతుంది. తెర దాటి వచ్చిన ఎండ గదిలో పలచటి నీళ్ళలా నిలుస్తుంది, అందులో ప్లాస్టర్ పొడి తేలుతుంది. పక్కగదిలో భార్య నిద్రపోతూ ఉంటుంది. ఆవిడ ఆస్పత్రిలో నర్సు, ఎప్పుడూ రాత్రి డ్యూటీయే. అందరికీ పగలైనది ఆవిడకు రాత్రి.

పళ్ళతో విసుగెత్తిన మాస్టారు సరదాకి ఒక సీఎన్‌సీ మిల్లింగ్ యంత్రం కట్టుకున్నారు. కంప్యూటర్‌లో బొమ్మ గీస్తే చాలు, మూడు మోటార్లు కత్తిని అటూ ఇటూ, కిందికీ పైకీ నడిపి దాన్ని చెక్కలో దించుతాయి. ఎటు కదలాలో ఆ మోటార్లకు చెప్పే కంట్రోల్ బోర్డు మాత్రం పాత సామాన్ల కొట్లో దొరికిన చవక సరుకు. కత్తి చప్పుడు ఫ్యాను మోతలా ఒకే తీరుగా ఉంటుంది, దాన్నెవరూ పట్టించుకోరు. ఆ చవక బోర్డు పుణ్యమా అని మోటార్లే పాడతాయి. వంపు తిరిగితే సన్నగా, తిన్నగా నడిస్తే బొంగురుగా. ఆ పాట బల్లలోంచి గోడలోకి, గోడలోంచి అవతలి మంచంలోకి పోయేది.

చిక్కంతా అక్కడే వచ్చింది. మోటార్లు పాడినప్పుడల్లా ఆవిడ నిద్రలో మాట్లాడేది. “ఎన్ని మెట్లో... ఇంకా కిందికి.” “ఇది కాదు, నీలం తలుపు.” “వంతెన దాటాలి.” మాస్టారు గుమ్మానికి చెవి ఆనించి వినేవారు, విన్నది విన్నట్టు గీసేవారు, మర్నాడు చెక్కేవారు. చెక్కుతుంటే మోటార్లు పాడేవి, పాడితే ఇంకో సందు దొరికేది. అలా చెక్క పలక మీద ఒక ఊరు లేచింది. మెట్ల వీధులు, బుల్లి వంతెన, వరసగా తలుపులు. ఇన్నేళ్ళ కాపురంలో తను అడుగుపెట్టని చోటు ఒకటి భార్యలో ఉందా అని ఆయన మురిసిపోయారు. ఆవిడకు మాత్రం ఒక్క ముక్క చెప్పలేదు. ఊరు పూర్తయ్యాక చూపిద్దామని!

ఒకరోజు బావమరిది కొత్త బోర్డు పట్టుకొచ్చాడు. ఎలక్ట్రానిక్ సామాన్లు అమ్ముతాడు. నోరు మూతపడదు కాబట్టి ఇంట్లో అతని పేరు రేడియో.

“ఇది పెట్టు బావా. మోటార్లు కిక్కురుమంటే ఒట్టు. కాకపోతే మెల్లగా నడపాలి. తొందరపెట్టావంటే మోటారు అడుగు తప్పి గీత వంకరపోతుంది.”

“మెల్లగా అంటే నాకు కుదరదురా. దీని వైర్లు కూడా వేరేలా ఉన్నట్టున్నాయే.”

“ఆడలేక మద్దెల ఓడు అన్నట్టుంది నీ వరస. నీకు వైర్లు అడ్డమా? అసలు అక్క మొహం చూశావా? నిన్న డ్యూటీ నుంచి వస్తూ బండి మీదే కునుకు తీసింది. రోడ్డు పక్క గట్టుకు తగిలి ఆగింది కాబట్టి సరిపోయింది. నీకు చెప్పొద్దంది.”

మాస్టారు పక్కగది వైపు చూశారు. ఆ వెంటనే చెక్క పలక వైపు చూశారు. రేడియో బోర్డును బల్ల మీద పెట్టి, తల అడ్డంగా ఊపుకుంటూ వెళ్ళిపోయాడు.

ఊళ్ళో ఇంకొక్క వీధే మిగిలింది. వంతెన అవతల సగంలో ఆగింది. చివర ఏముందో ఆవిడ ఇంకా చెప్పలేదు. ‘ఈ ఒక్క పూట. అదొక్కటి తెలిస్తే రేపే మార్చేస్తా’ అని తనకు తానే సర్దిచెప్పుకుని పాత బోర్డే ఆన్ చేశారు మహానుభావుడు.

మోటార్లు పాట ఎత్తుకున్నాయి. లోపల్నుంచి, “వస్తున్నా... వస్తున్నా...” అని వినబడింది. ఈసారి మాస్టారు గుమ్మం దగ్గర ఆగలేదు, ఆశకొద్దీ లోపలికే వెళ్ళారు. ఆవిడ నుదుటి నిండా చెమట. దుప్పటి కింద కాళ్ళు కొట్టుకుంటున్నాయి.

‘ఛీ, నేనూ ఒక మొగుణ్ణేనా’ అనుకుని వెనక్కి పరుగెత్తి స్విచ్చి ఆపారు. ఆ కాళ్ళు నెమ్మదించాయి. వైర్లు ఒక్కొక్కటే ఊడదీసి కొత్త బోర్డుకు బిగించారు. వేగం సగానికి తగ్గించారు. వంతెన పిట్టగోడ చెక్కుతూ కత్తి మెల్లగా నడిచింది. కత్తి మోత, రాలే పొట్టు, అంతే. పక్కగదిలోంచి ఒక్క మాట రాలేదు. ఇక ఆ వీధి ఎప్పటికీ సగమే కదా అని మాస్టారికి ఏడుపొచ్చింది. పాత బోర్డు జోలికి మాత్రం పోలేదు.

ఎండ వాలాక ఆవిడ జుట్టు ముడేసుకుంటూ వచ్చింది. మొహం తేటగా ఉంది.

“ఏమండీ, ఇంతసేపు పడుకుంటే లేపకూడదూ? అదేంటి, ఆ చెక్క?”

“నువ్వు నిద్రలో చెప్పిన ఊరు.”

ఆవిడ వేలు మెట్లు దిగింది, వంతెన దాటింది, వీధి తెగినచోట ఆగిపోయింది.

“ఇంత అందంగా చెక్కారేంటండీ దీన్ని! ఇది నా పీడకల. ఎవరో పేషెంటు బెల్లు కొడుతూనే ఉంటాడు. ఒకసారి సన్నగా, ఒకసారి బొంగురుగా. ఏ తలుపు వెనకో తెలీదు. అన్నీ తట్టుకుంటూ పరుగెడతాను. ఇక్కడికొచ్చేసరికి మెలకువొస్తుంది.”

మాస్టారు తల దించుకున్నారు. “ఆ బెల్లు కొట్టింది నేనే” అని మోటార్ల సంగతి, గుమ్మం దగ్గర విన్న సంగతి అన్నీ చెప్పేశారు. “దీన్ని పొయ్యిలో పెట్టేస్తాను.”

ఆవిడ పలకను తన వైపు లాక్కుంది.

“నాలుగు తగిలించాలనే ఉంది. కంటినిండా నిద్రపోయానేమో, చెయ్యి లేవట్లేదు,” అంది. “పొయ్యిలో ఎందుకు? ఆ చివర ఒక బల్ల చెక్కండి. ఇన్నాళ్ళూ పరుగెత్తాను, కాస్త కూర్చుంటాను.”

మాస్టారు సంబరంగా కంప్యూటర్ ముందుకు జరిగి, ఇద్దరు పట్టేంత బల్ల గీయబోయారు. ఆవిడ ఆయన చెయ్యి పట్టుకుని ఆపింది.

“ఒక్కరికే,” అంది.

మాస్టారు ఒక్కరికే గీశారు.