ఆర్విల్ మాట అయ్యేదాకా

డ్వెయిన్‌ని తీసుకెళ్ళింది మంగళవారం పొద్దున, ఎనిమిది దాటాక. మా బిల్డింగు ముందు మంచు తోసే బండి అప్పుడే పని ముగించుకుని వెళ్ళింది. దాని వెనకే తెల్ల వ్యాను వచ్చి ఆగింది. ఇద్దరు దిగారు. ఒకడి చేతిలో ఖాళీ అట్టపెట్టెలున్నాయి.

నేను నా చక్రాల కుర్చీలో కిటికీ దగ్గర ఉన్నాను. అంతా చూశాను.

మా బిల్డింగులోనే ఉండే డ్వెయిన్ సోబ్చాక్‌కి నలభై ఆరేళ్ళు. డౌన్ సిండ్రోమ్‌తో పుట్టాడు. మెయిన్ వీధి హార్డ్‌వేర్ కొట్లో తాళంచెవులు కోస్తాడు. ఊళ్ళో సగం ఇళ్ళ తాళంచెవులు అతని చేతి మీదుగా వెళ్ళినవే. ఆ పొద్దున కొట్టువాళ్ళిచ్చిన ఎర్ర చొక్కా వేసుకుని, రెండు చేతులతో గుమ్మం పట్టుకుని నిలబడ్డాడు.

“తొమ్మిదింటికి నాకు డ్యూటీ ఉంది.”

“కొట్టుకి ఫోన్ చేశాంలే డ్వెయిన్. చెయ్యి తియ్యి.”

“నేను చెయ్యలేదు.”

“నీ బదులు మేం చేశాం.”

“నా డ్యూటీకి మీరెందుకు చెయ్యాలి?”

ఒక్కో వేలూ విడదీశారు. కొట్టలేదు, తిట్టలేదు. నవ్వుతూనే విడదీశారు. అట్టపెట్టెల్లో అతని బట్టలు కుక్కారు. వ్యాను తలుపు బయటినుంచి మూశారు.

నేను అరవాల్సింది. భయమేస్తే నా ఒళ్ళంతా కొయ్యలా బిగుసుకుంటుంది, దవడ పట్టేస్తుంది. సెరిబ్రల్ పాల్సీ అంటారు. కానీ ఆ పొద్దున నా నోరు మూసింది అదొక్కటే కాదు. నన్ను చూస్తే నన్నూ పట్టుకుపోతారనుకున్నాను. కుర్చీ వెనక్కి నడిపి గోడ చాటున దాక్కున్నాను. ఇది చెప్పకుండా మిగతాది చెప్పడం నాకు ఇష్టం లేదు.

అతను చేసిన నేరం ఒక్కటే. వారం కిందట పెనం మాడి, పొగ అలారం మోగింది. మీ ఇంట్లోనూ మోగి ఉంటుంది. మిమ్మల్ని ఎవరూ తీసుకెళ్ళలేదు.

నా పేరు ఆర్లీన్ కివెలా. ఆరో ఏట నన్ను రాష్ట్రంవాళ్ళ ఆశ్రమంలో వేశారు. నలభై మంచాల గది. వారానికి రెండుసార్లు స్నానం, రాతి పలకల మీద పడుకోబెట్టి రబ్బరు గొట్టంతో. నీళ్ళు చల్లగా ఉన్నాయని చెప్పడానికి మాట తిరగనివాళ్ళం మేం. ముప్ఫై మూడేళ్ళు వచ్చాక బయటపడ్డాను. అక్కణ్ణించి, ప్రభుత్వం డబ్బుతో మాలాంటివాళ్ళని చూసే కంపెనీ ఇళ్ళు. ఆరుగురికి ఒక ఇల్లు. స్నానానికి ఎవరొస్తారో ఆ పూట దాకా తెలియదు.

తొమ్మిదేళ్ళ కిందట సొంత బడ్జెట్ వచ్చింది. మా సాయానికి ప్రభుత్వం ఎప్పుడూ ఖర్చు పెడుతూనే ఉంది, కాకపోతే కంపెనీ చేతుల మీదుగా. ఇప్పుడు అదే మా చేతికిచ్చారు. నన్ను ఎవరు ఎత్తాలో, ఎవరు తినిపించాలో, ఎన్నింటికి లేవాలో నేనే చెప్పాలి. నేను పేపర్లో ప్రకటన ఇచ్చాను. ఐదుగురిని నా వంటింట్లో కూర్చోబెట్టి, అందరినీ ఒకటే అడిగాను. “స్నానం నీళ్ళు వేడిగా ఉన్నాయో లేదో ఎట్లా చూస్తావు?” నలుగురు తమ చెయ్యి పెట్టి చూస్తామన్నారు. బెర్నడెట్ అనే ఆవిడ మాత్రం, “నీ చెయ్యి పట్టుకుని ముంచుతా. ఒళ్ళు నీది కదా,” అంది. అప్పట్నించీ నాతోనే ఉంది.

ఆ శీతాకాలం కౌంటీవాళ్ళు, అంటే మా జిల్లా పాలకులు, కొత్త ప్రతిపాదన తెచ్చారు. ఎవరింట్లో ‘సంఘటన’ జరిగినా వాళ్ళ బడ్జెట్ ఆగిపోతుంది, వాళ్ళు తిరిగి కంపెనీ ఇంటికి వెళ్ళాలి. ఇంకా ఓటు పడలేదు. ఓటు పడకముందే కంపెనీవాళ్ళు డ్వెయిన్‌ని ‘తాత్కాలికంగా’ తమ ఇంటికి తీసుకెళ్ళారు.

ఆ సాయంత్రమే కంపెనీ మేనేజరు ప్రూయెట్ మా ఇంటికి వచ్చాడు. డోనట్ల డబ్బా తెచ్చాడు. అట్లాంటివి నేను మింగలేనని అతని ఫైల్లోనే రాసి ఉంది.

“డ్వెయిన్ బాగున్నాడు,” అన్నాడు, బెర్నడెట్ వైపు చూస్తూ. “ఆర్లీన్ గారికి చెప్పండి, కంగారు పడొద్దని.”

“ఆవిడ ఇక్కడే ఉంది,” అంది బెర్నడెట్. “చెవులు పనిచేస్తాయి.”

అతను నవ్వి నా వైపు తిరిగాడు. “వచ్చే గురువారం మీ బడ్జెట్ రివ్యూ ఉంది. సోమవారం కౌంటీ మీటింగుకి వెళ్ళి అనవసరంగా ఆవేశపడ్డారనుకోండి, ఆవేశం కూడా సంఘటనే. రాయక తప్పదు నాకు. మీ మంచికే చెప్తున్నా.”

అతను వెళ్ళాక నా కాళ్ళు కొట్టుకోవడం మొదలైంది. బెర్నడెట్ మోకాళ్ళ మీద చేతులు వేసి కూర్చుంది.

“నాకూ ఉత్తరం వచ్చింది,” అంది. “వచ్చే వారం శుక్రవారం లోపు కంపెనీలో చేరాలంట, లేకపోతే పని ఉండదంట. పొద్దున ఎనిమిది ఇళ్ళు. ఒక్కో మనిషికి పదిహేను నిమిషాలు. నిన్ను కుర్చీలోకి దించడానికే ఇరవై పడుతుంది.”

“చేరతావా?”

“ఇద్దరు పిల్లల్ని పెట్టుకుని చేరనని ఎట్లా చెప్పను ఆర్లీన్? నాకూ భయమే.”

ఆ మాట వినడం నాకు మంచిదైంది. భయం నా ఒక్కదానిదే అనుకుంటూ ఉన్నాను.

బుధవారం మధ్యాహ్నం ఊళ్ళో సొంత బడ్జెట్లున్నవాళ్ళం బట్టలుతికే కొట్లో కలిశాం. అక్కడ గడపకి మెట్టు లేదు, మిషన్ల చప్పుడులో మా మాటలు బయటికి పోవు. పంతొమ్మిది మందిమి వచ్చాం. కుర్చీల మీద, ఊతకర్రల మీద, సాయం చేసేవాళ్ళ చేతులు పట్టుకుని. చాలామంది తలుపు వైపే చూస్తున్నారు.

“గొడవ చేస్తే మనల్నే ముందు తీసుకెళ్తారు,” అన్నాడు ఒకతను.

“గొడవ చెయ్యని డ్వెయిన్‌ని తీసుకెళ్ళలేదా?” అంది బెర్నడెట్.

అప్పుడు హెల్మి లేచింది. డెబ్బై నాలుగేళ్ళ మనిషి. ఆమె తమ్ముడు ఆర్విల్ ట్వోమినెన్ ఆశ్రమంలో నాకు మూడు మంచాల అవతల ఉండేవాడు. నోటి మాట లేదు, చేతులు స్వాధీనంలో లేవు. తలకి పట్టీ, పట్టీకి ఒక కర్ర, ఒళ్ళో అక్షరాల పలక. కర్రతో ఒక్కో అక్షరం చూపిస్తాడు. అతనికి చదవడం వచ్చని తెలియడానికే ఇరవై ఏళ్ళు పట్టింది. చట్టం ప్రకారం అతని తరఫున సంతకం పెట్టేది హెల్మి, మధ్యాహ్నాలు అతనికి సాయం చేసేది బెర్నడెట్.

“మీరంతా ధైర్యవంతులు,” అంది. “నేను చచ్చాక వీడికి ఎవరు దిక్కు? బెర్నడెట్‌కి ఇంకోచోట మంచి పని దొరికితే పోతుంది. ఇంకెవరో వస్తారు, వాళ్ళూ పోతారు. కంపెనీ ఇల్లు గోడలతో ఉంటుంది. రేపూ ఉంటుంది. నాకు ఆ గోడలు కావాలి.”

ఆమె అన్నది అబద్ధం కాదు. ఆరబెట్టే మిషను ఒకటి ఆగిపోయింది. ఆర్విల్ కర్ర పలక మీద కదిలింది. అతను అక్షరాలు చూపించాడు, బెర్నడెట్ చదివింది.

“గో-డ-లు నే-ను చూ-శా-ను అ-క్కా.”

హెల్మి కోటు గుండీలు పెట్టుకుని బయటికి నడిచింది. గుమ్మం దగ్గర మాత్రం ఆగి, “సోమవారం వీడికి లోపల ఉన్ని బనీను వెయ్యండి. కౌంటీ హాలు చల్లగా ఉంటుంది,” అంది.

సోమవారం రెండింటికి కౌంటీ హాలు నిండింది. ముందు బల్ల వెనక ఐదుగురు సభ్యులు, మధ్యలో అధ్యక్షురాలు. మాట్లాడదలిచిన మనిషికి మూడు నిమిషాలు. పంతొమ్మిది మందిమీ పేర్లిచ్చాం. గోడవారగా ప్రూయెట్, అతని చేతిలో నోటుపుస్తకం. తలుపు దగ్గర ఇద్దరు పోలీసులు. హెల్మి చివరి వరసలో ఒక్కతే కూర్చుంది. గురువారం, గురువారం అని లోపల ఒకటే కొట్టుకుంటోంది.

మొదటి పేరు ఆర్విల్‌ది. బెర్నడెట్ మైకు ముందు పలక పక్కన నిలబడి చదువుతోంది.

“మా. ఒం. టి. మీ. ద.”

గంట మోగింది.

“ధన్యవాదాలు,” అంది అధ్యక్షురాలు. “తరువాత ఆర్లీన్ కివెలా.”

నేను కుర్చీ ముందుకి నడిపాను. రాసుకొచ్చిన కాగితం నా ఒళ్ళో ఉంది. ఆర్విల్ మెడ వణుకుతోంది, కర్ర ఇంకా పలక మీదే ఉంది. నా మాట సగంమందికి అర్థం కాదు. అయినా చెప్పాను. “నా మూడు నిమిషాలు ఇతనివి.”

ఏమందని అధ్యక్షురాలు పక్కవాళ్ళని అడిగింది. ఎవరో చెప్పారు.

“టైము బదిలీ చేసే పద్ధతి లేదమ్మా.”

“అయితే నేను మైకు ముందు ఊరికే ఉంటాను.”

ఉన్నాను. ఆర్విల్ చూపిస్తూ పోయాడు. బెర్నడెట్ చదివింది. “ఎ. వ. రి. చె. య్యి.” నా తరువాత వచ్చిన మనిషీ అట్లాగే నిలబడింది. ఆమె తరువాత ఇంకొకతను. ఒక్కరూ నోరు తెరవలేదు. ప్రూయెట్ గబగబా రాసుకుంటున్నాడు. ఆ పెన్ను చప్పుడు నాకు వినబడుతోందనిపించింది.

“ఆ చదివే ఆవిడ వంతు కాదిది,” అంది అధ్యక్షురాలు. “ఆవిణ్ణి కూర్చోమనండి.”

“ఆయన నోరు నేను. నోటిని కూర్చోమంటారా?” అంది బెర్నడెట్.

పోలీసులు వచ్చారు. చెరో చెయ్యి పట్టుకుని నడిపించారు. తలుపు దగ్గర ఒక్కసారి వెనక్కి తిరిగి నన్నే చూసింది. తలుపు మూసుకుంది.

ఆర్విల్ కర్ర ఒక అక్షరం మీద ఆగి ఉంది. చదివేవాళ్ళు లేరు. అతను కర్ర తీయలేదు. మెడ కండరాలు తాళ్ళలా లేచాయి, గడ్డం మీంచి చెమట కారి పలక మీద పడింది. ఇంకాసేపైతే మెడ వాలిపోతుంది.

మంగళవారం నేను దాక్కున్న గోడ గుర్తొచ్చింది. అందరూ నా వైపే చూస్తున్నట్టనిపించింది, నిజానికి ఎవరూ చూడటం లేదు. పలక నాకు కనబడే దూరంలోనే ఉంది. దవడ బిగుసుకుంది. కాళ్ళు పట్టీలు తెంపుకునేలా కొట్టుకుంటున్నాయి.

“ఫ,” అన్నాను. నా నాలిక అంతే పలికింది.

“ప,” అన్నారెవరో వెనకనుంచి, సరిచేసి.

కర్ర కదిలింది. నేను చదివాను. వెనకనుంచి ముగ్గురు తిరిగి పలికారు. తరువాతి అక్షరం పదిమంది. “డా. లో.” ఊతకర్రలవాళ్ళు, కుర్చీలవాళ్ళు, ఉద్యోగాలు పోతాయని వణుకుతూ వచ్చిన సాయంవాళ్ళు, అందరూ పలుకుతున్నారు. “మే. మే.” అధ్యక్షురాలు బల్ల మీద సుత్తితో కొట్టింది. “చె.”

“సరే, సరే, తెలిసింది,” అంది ఆమె. “మీ ఒంటి మీద ఎవరి చెయ్యి పడాలో మీరే చెప్తామంటున్నారు. అంతే కదా? రికార్డు చేసుకున్నాం. ఇక ఆపండి.”

గది అంతటికీ ఆ మాట తెలుసు. అయినా ఎవరూ అవునన్లేదు. జీవితమంతా మా మాటలు వేరేవాళ్ళు పూర్తిచేశారు. మేం కర్ర వైపు చూస్తూ కూర్చున్నాం.

“అమ్మా, మీరే కదా ఈయన గార్డియన్?” అధ్యక్షురాలు చివరి వరసని పిలిచింది. “దయచేసి ఇంటికి తీసుకెళ్ళండి.”

హెల్మి లేచింది. ఆమె సంతకంతో ఆర్విల్‌ని ఎక్కడికైనా పంపొచ్చు.

“వాడింకా మాట్లాడుతున్నాడు,” అని మళ్ళీ కూర్చుంది.

కర్ర వంగింది. “ప్తాం,” అంది గది.

ఓటు వేయకుండానే సభ వాయిదా వేశారు. హాలు ఖాళీ చేయమన్నారు. డ్వెయిన్‌ని ఎప్పుడు పంపిస్తారో చెప్తే చేస్తామన్నాం. చెప్పలేదు. ఇరవై నిమిషాల తరువాత, ఆదేశం ధిక్కరించినందుకు అరెస్టు చేస్తున్నామని పోలీసులు చెప్పారు. నా కుర్చీ వెనక పిడి మీద ఒక కొత్త చెయ్యి పడింది. ఏ చెయ్యో నాకు కనబడదు. ఆశ్రమంలోని ఆ రాతి పలకల చలి గుర్తొచ్చింది. “చెయ్యి తియ్యండి. నేనే నడుపుకుంటాను,” అన్నాను. రెండుసార్లు అనాల్సి వచ్చింది. రెండోసారికి తీశాడు.

పార్కింగులో బెర్నడెట్ ఉంది, చేతులు వెనక్కి కట్టి. పోలీసు కార్లలో చక్రాల కుర్చీలు ఎక్కవు. ఎక్కించే బండి పక్క కౌంటీనుంచి రావాలట, గంట పడుతుందట. సరస్సు మీంచి గాలి కోస్తోంది. పంతొమ్మిది మందిమీ గుండ్రంగా చేరి మీటింగు పెట్టుకున్నాం. శనివారం పొద్దున డ్వెయిన్ ఉన్న కంపెనీ ఇంటి ముందుకి అందరం వెళ్ళాలనుకున్నాం. ఎవరు వస్తారని అడిగితే ముందు పద్నాలుగు చేతులు లేచాయి. కాసేపటికి మిగతావీ లేచాయి, చేతికి బదులు ఆర్విల్ కర్ర లేచింది. నా రివ్యూ గురువారమే ఉంది. శనివారానికి నేను ఎక్కడుంటానో తెలియదు. అది కూడా చెప్పాను. “నువ్వు ఏ ఇంట్లో ఉంటే ఆ ఇంటికే వస్తాం,” అంది హెల్మి.

ఒక పోలీసు కాగితాల అట్ట పట్టుకుని ఆర్విల్ దగ్గరికి వచ్చాడు. కుర్రాడు, చలికి ముక్కు ఎర్రబడింది.

“పేరు?”

ఆర్విల్ అతని వైపు చూశాడు. పోలీసు హెల్మి వైపు తిరిగాడు. “ఈయన పేరేంటమ్మా?”

“వాణ్ణే అడుగు.”

నా వైపు చూశాడు. నేను చెప్పలేదు. ఎవరం చెప్పలేదు. అతను చేతి తొడుగు తీసి, పెన్ను పట్టుకుని, పలక మీదికి వంగి నిలబడ్డాడు. ఆర్విల్ కర్ర మొదటి అక్షరం కోసం మెల్లగా దిగింది.