రెండో గాలి

కనకాలపేటలో మా ఇంటి రేకులు లేచిపోయి అప్పటికి మూడు రోజులు. రెండు వేల ఆరు, మే నెల. గోదావరి మీద నుంచి నల్లగా తిరుగుతూ వచ్చిన సుడిగాలి మా వీధిలో మూడిళ్ళను మాత్రం తాకి, కొబ్బరితోటలోకి పోయి ఆగిపోయింది. అంతా రెండు నిమిషాలు. పక్కింటి తీగ మీద ఆరేసిన చీర అలాగే ఉంది. మా వంటింటి మీద ఆరు రేకులు లేవు.

గాలి మొదలవగానే ఎదురుగా ఉన్న వీరవేణిగారి డాబా ఇంట్లోకి పరుగెత్తాం. తగ్గాక నేనూ, మా ఆయన సెబాస్టియనూ బయటికి వచ్చాం. మా అత్తగారు ఆరోగ్యమ్మ రాలేదు. రెండో గాలి ఇంకా ఉందన్నారు.

తుఫాను చూసిన వాళ్ళకు ఆ సంగతి తెలుసు. మధ్యలో గాలి ఒక్కసారిగా ఆగుతుంది. కాసేపటికి ఎదురు దిక్కు నుంచి మళ్ళీ కొడుతుంది. తొంభై ఆరు తుఫానులో గాలి ఆగిందని మామగారు గేదెను చూడటానికి వెళ్ళారు. తెల్లారాక కొబ్బరిచెట్టు కింద దొరికారు.

రేకులు వేసే పాపారావు రెండుసార్లు వచ్చి వెనక్కి పోయాడు. పైన రెండో మనిషి ఉండాలి, అది మా ఆయనే. ఆయన నిచ్చెన వేయగానే అత్తగారు వీధి దాటి వచ్చి మొదటి మెట్టు మీద కూర్చునేవారు. శనివారం కూడా ఎక్కనివ్వకపోతే ఫరంపేటలో వేరే పనికి పోతాననీ, ఇక వానలు పడేదాకా రాననీ పాపారావు చెప్పేశాడు.

మూడు రోజులుగా వంట వీరవేణిగారి పొయ్యి మీదే. ఆవిడ ఏమీ అనలేదు. కానీ మూడో రోజు నేను వెళ్ళేసరికి ఉప్పు డబ్బా పై అరలోకి మారింది.

ఆ సాయంత్రం అత్తగారి పక్కన కూర్చుని నచ్చజెప్పాను. "అది తుఫాను కాదు అత్తయ్యా, దానికి రెండో సగం ఉండదు. మన వైపు అలాంటిది రావడమే అరుదని పేపర్లో రాశారు."

"మొన్న పొద్దున్న అడిగితే అసలు రాదనే అందురమ్మా ఆ పేపరోళ్ళు."

బీఎస్సీ చదివాను, లెక్క తెలుసు. మొన్నటికి ముందు ఎంత అవకాశం ఉందో ఇప్పుడూ అంతే. తగ్గలేదు, పెరగలేదు. అది నిజమే. ఆవిడకు చెప్పి ప్రయోజనం లేదు. మా ఆయనతో అంటే, నా శాతాలతో రేకులు బిగుసుకోవని ఎత్తిపొడిచారు.

శనివారం పాపారావు వచ్చాడు. అత్తగారు మెట్టు మీద కూర్చున్నారు. వాదించే ఓపిక నాకు లేదు.

"వస్తే ఎటు నుంచి వస్తుంది అత్తయ్యా?"

"ఉత్తరం. మొదటిది దక్షిణాన ఏటి మీంచి వచ్చింది కదా."

"అయితే ఉత్తరం మీరు చూడండి. ఏటి వైపు నేను చూస్తాను. మీరు చెప్పగానే ఆయన దిగిపోతారు."

మెట్టు మీంచి కదలకుండానే అడిగారు. "మరి వంట?"

"ఇవాళ వంట లేదు."

ఆవిడ లేచారు. స్టూలు తెచ్చుకుని వాకిట్లో ఉత్తరం వైపు తిరిగి కూర్చున్నారు. నేను గుమ్మంలో నిలబడి ఏటి వైపు చూశాను. మాటిచ్చాను కాబట్టి నిజంగానే చూశాను. ఆవిడ రెండుసార్లు దిగమన్నారు, ఒకసారి ట్రాక్టరు లేపిన దుమ్ము చూసి, ఒకసారి ఏమీ లేకుండానే. రెండుసార్లూ మా ఆయన దిగారు. పాపారావు పైనే కూర్చుని బీడీ కాల్చుకున్నాడు.

ఆఖరి బోల్టు బిగించేసరికి మూడు దాటింది. నా మెడ పట్టేసింది.

"దిగేడా?" అత్తగారు వెనక్కి తిరగకుండానే అడిగారు.

దిగారన్నాను. నిచ్చెన పక్కకు తీసిన చప్పుడు విన్నాకే లేచి, స్టూలు చేత్తో పట్టుకుని మా వంటింట్లోకి నడిచారు. కొత్త రేకుల కింద నిలబడి ఒకసారి పైకి చూశారు.

నేనింకా ఏటి వైపే చూస్తున్నాను.

"చాల్లే, రా," అన్నారు. "బియ్యం ఎక్కడెట్టేవు?"