బూడిదమ్మ కూర్చున్న చోటు

తెల్లవారగానే జగ్గమ్మ వాకిట్లో పేడనీళ్లు చల్లేది. పొయ్యిలో నిన్నటి బూడిద తీసేది. అంబలికుండ పొయ్యెక్కించి, అప్పుడు వచ్చి గడప మీద అరచెయ్యి ఆనించి చూసేది. వెచ్చగా ఉంటే పిల్లి అక్కడ ఉన్నట్టు. చల్లగా ఉంటే ఇంకెక్కడో తిరుగుతున్నట్టు. పిల్లి చచ్చిపోయి అప్పటికి పన్నెండు రోజులు.

దాని పేరు బూడిదమ్మ. పుట్టడం తెల్లగానే పుట్టింది గానీ, పదమూడేళ్లు ఆరిన పొయ్యిలో పడుకుని పడుకుని ఆ పేరు తెచ్చుకుంది. ఒళ్లు మట్టిలో కలిసినా దాని వేడి మాత్రం ఇల్లు వదల్లేదు. పొద్దున గడప మీద, మధ్యాహ్నం తవుడు డబ్బా మూత మీద, సాయంత్రం అరుగు చివర, బతికుండగా ఎక్కడెక్కడ ముడుచుకునేదో అక్కడక్కడ పిల్లంత మేర గుండ్రంగా వెచ్చగా ఉండేది.

ఊళ్లో ఎవరూ దీనికి ఆశ్చర్యపోలేదు. వానలకి పాలు తోడుకోవడం లేదని పక్కింటి అసిరమ్మ తన ముంత తెచ్చి తవుడు డబ్బా మీద పెట్టి పోయేది. మోకాళ్ల నొప్పుల ఎర్రన్న అరుగు తడుముకుంటూ వచ్చి సరిగ్గా ఆ చోటే కూర్చునేవాడు. పిల్లి మీద కూర్చున్నావని జగ్గమ్మ కసిరితే, "కాసింత జరగమని సెప్పమ్మా దానికి, నానూ ముసిలోన్నే కదా," అనేవాడు.

ఇంతమందికి దొరికిన ఆ వేడి జగ్గమ్మ ఒళ్లోకి మాత్రం రాలేదు.

పిల్లి బతికున్న రోజుల్లో దీపాలు పెట్టే వేళకి అది ఒళ్లోకి ఎక్కిందంటే ఆవిడ ఇక లేచేది కాదు. అన్నం పొంగిపోతున్నా సరే, గోడ మీంచి అసిరమ్మను కేకేసి కుండ దింపించుకునేది. ఇప్పుడూ అదే వేళకి కాళ్లు చాపుకుని, చీర సర్దుకుని కూర్చునేది. ఒడి చల్లగానే ఉండేది.

ఎందుకు రాదో ఆవిడకి తెలుసు. కొడుకు సోములు కొత్త విత్తనం కోసం నరసన్నపేట బయల్దేరిన పొద్దున, పిల్లి ఎదురొస్తుందేమోనని దాన్ని పట్టుకుని గంప బోర్లించి మూసింది. మంచిపనికి వెళ్లేటప్పుడు అందరిళ్లలో చేసేదే. కొడుకు మలుపు తిరిగాక గంప ఎత్తాలి కదా, పనుల్లో పడి మరిచిపోయింది. మధ్యాహ్నం గుర్తొచ్చి ఎత్తితే బూడిదమ్మ ముడుచుకుని నిద్రపోతున్నట్టే ఉంది.

"ముసిల్ది ఒదినా, నిద్దట్లో పోయింది. నీ తప్పేటున్నాది?" అంది అసిరమ్మ. అయినా పదమూడేళ్లు ఇష్టం వచ్చినట్టు తిరిగినదాన్ని ఆఖరి పూట మూసిపెట్టానే అని జగ్గమ్మకి ఒకటే బాధ. ఆ గంపని పశువుల పాకలో చూరుకి వేలాడదీసి, మళ్లీ దానివంక చూడలేదు.

సోములు తెచ్చిన విత్తనం ఐ.ఆర్. ఎనిమిది అనే కొత్త వరి రకం. గ్రామసేవకులు భావనారాయణగారు చెప్పి ఇప్పించారు. ఒక్కటే సంచి, మళ్లీ దొరికేది కాదు. అది చల్లాల్సింది తండ్రి పోయాక సోములు మొదటిసారి సొంతంగా కౌలుకి తీసుకున్న మడిలో. నారు దక్కకపోతే ఊళ్లో ఉండి చేసేదేమీ లేదనీ, సాలూరులో గంగులు అనే ఆయన లారీ మీద క్లీనరుగా వెళ్లిపోతాననీ తల్లికి ముందే చెప్పాడు. మూట కూడా కట్టి పెట్టుకున్నాడు.

విత్తనం ఒక పగలు, ఒక రాత్రి నానబెట్టి, సంచిలో పోసి, గడ్డి కప్పి మండె కట్టారు. మండెలో వేడి పుడితేనే మొలక వస్తుంది. అదే రోజు ముసురు పట్టింది. సముద్రం వైపు నుంచి ఒకటే చలిగాలి. రెండు రోజులైనా సంచి కప్పపొట్టలా చల్లగానే ఉంది. ఇంకొక్క పూట అలాగే ఉంటే కుళ్లిపోతుంది. సోములు మూట తెచ్చి తలుపు పక్కన పెట్టుకున్నాడు.

గడ్డి చాలదు, పైన పెద్ద గంప ఏదైనా బోర్లించాలి. అసిరమ్మ గంపలో కోడి పొదుగుతోంది. ఇంక ఉన్నది ఒక్కటే. జగ్గమ్మ చాలాసేపు నిలబడి, పాకలోకి వెళ్లి దాన్ని దించింది.

సంచి మీద గంప బోర్లించి, ఒక అంచు కాస్త ఎత్తి కింద పెంకుముక్క పెట్టింది.

"సలిగాలి ఎల్లిపోతాదమ్మా," అన్నాడు సోములు.

"ఎల్లనీ. దారుండాల."

తరవాత వాకిట్లోకి చూస్తూ మెల్లిగా అంది. "ఓసే బూడిదమ్మా, ఈసారి నిన్ను నాను ముయ్యనే. ఉంటే ఉండు, పోతే పో."

ఆ సాయంత్రం గడప మీద వేడి లేదు. తవుడు డబ్బా మీద లేదు. అసిరమ్మ పాలు తోడుకోలేదు. ఎర్రన్న అరుగంతా తడిమి, గొణుక్కుంటూ ఇంటికి పోయాడు.

తెల్లారి గంప ఎత్తేసరికి సంచిలోంచి ఆవిరి లేస్తోంది. సోములు దాని మూతి విప్పి చెయ్యి పెట్టి, కాలినట్టు లాక్కున్నాడు. ప్రతి గింజకీ ఒక తెల్లటి మొలక, అచ్చం పిల్లి మీసంలా. కాసేపు అలాగే చూసి, వెళ్లి సాలూరు మూట విప్పాడు. అందులో తువ్వాలు తీసి తలమీద కుదురు చుట్టుకున్నాడు.

మొలకలు ఆ గంపకే ఎత్తి బయల్దేరాడు. ఇంటి పెద్ద చేత్తో తొలి గుప్పెడు చల్లాలి కదా అని జగ్గమ్మ అరుగు మీద కూర్చుని చీర కుచ్చెళ్లు పైకి దోపుకుంటోంది. సోములు గడప దాటి ఆగిపోయాడు. తడికాళ్ల మీంచి వెచ్చగా, పిల్లంత మేర, ఏదో అడ్డంగా నడిచిపోయింది.

"అమ్మా, ఎదురొచ్చిందే."

ఇంకోనాడైతే జగ్గమ్మ కొడుకుని వెనక్కి పిలిచి, మంచినీళ్లిచ్చి, కాసేపు కూర్చోబెట్టేది.

"రానీరా," అంది. "రాత్రల్లా పనిసేసి ఎల్తన్నాది. నువ్వు నడు."

"మరి నువ్వు రావేటి?"

లేవబోయింది. మోకాలి మీద మెత్తగా రెండు అడుగులు పడ్డాయి. తరవాత బరువు. తరవాత, ఇన్నాళ్లుగా ఎదురుచూసిన ఆ వెచ్చదనం ఒళ్లో గుండ్రంగా చుట్టుకుంది.

జగ్గమ్మ కదల్లేదు. గంప ఇలా దించమని, గుప్పెడు మొలకలు తీసి కళ్లకద్దుకుని, మళ్లీ అందులోనే వేసింది.

"ఇదే నా గుప్పెడు. నువ్వే సల్లీ."

"ఏటమ్మా, కాళ్లు నొప్పా?"

"కాదురా. ఒల్లో పిల్లున్నాది. ఎలా లెగుస్తాను?"

సోములు గంప నెత్తికెత్తుకుని వీధిలోకి దిగి, గోడ మీంచి అసిరమ్మకి ఒక కేక వేశాడు.

"అత్తా, మాయమ్మ ఒల్లో పిల్లెక్కింది. ఆ అంబలి దించీ."