కొట్టేసిన మూడు పేర్లు

"పోయిన నెల తొమ్మిది వందలన్నారు. ఇప్పుడు తొమ్మిది వందల యాభై అంటున్నారు. మధ్యలో కొత్త కోడిపిల్లల్ని తేలేదు కదండీ, ఈ యాభై ఎక్కడి నుంచి వచ్చాయి?" అంది లెక్కలమ్మ ఫోనులో.

అవతల రైతు ఏదో నసిగాడు. తర్వాత నవ్వాడు. ఆ తర్వాత ఎనిమిది వందల ఎనభై అని అసలు మాట చెప్పాడు. ఆవిడ చెవి మీది పెన్సిల్ తీసి ఆ అంకె వేసుకుని, జాబితాలో తర్వాతి పేరు దగ్గర వేలు పెట్టింది.

ఆవిడకీ అమ్మానాన్నలు పెట్టిన పేరొకటి ఉంది. కానీ ఇరవై తొమ్మిదేళ్లుగా ఈ చుట్టుపక్కల టర్కీ కోళ్లు పెంచేవాళ్లకి ఆవిడ లెక్కలమ్మే. ఏటా షెడ్లలో ఎన్ని పిల్లల్ని వేశారు, ఎన్ని చచ్చాయి, ఎన్ని అమ్ముడయ్యాయి, ఏ బరువులో పోయాయి అని అడగడం ఆవిడ పని. అందరూ చెప్పరు. చెప్పినవాళ్లందరూ నిజం చెప్పరు. చెప్పని వాటిని ఇరుగుపొరుగు షెడ్లను బట్టి అంచనా కట్టి, ఈ ఏడు పెంపకం పెరిగిందా తగ్గిందా అన్నది ఒక్క అంకెలో తేల్చాలి. పొట్టి మనిషి. సంచీ మోసి మోసి ఎడమ భుజం కాస్త కిందికి జారింది. కోటుకి బొత్తాలు ఉండవు, గుడ్డ ముళ్లు ఉంటాయి. మెరిసే బొత్తాం కనిపిస్తే టర్కీ కోడి పొడవకుండా వదలదు మరి. మొదటి ఏడాదే నాలుగు పోగొట్టుకుంది.

ఇవాళ ఆవిడకి పశుసంవర్ధక శాఖ ఆఫీసులో ఆఖరి రోజు. సాయంత్రం ఐదుకి ఈ ఏటి అంకె పైకి పోవాలి, ఆవిడ ఇంటికి పోవాలి.

పదకొండింటికి కూడిక పూర్తయింది. ముప్పై ఎనిమిది వేల ఆరు వందలు. లెక్కలమ్మ మరోసారి కూడింది. అంకె మారలేదు. పోయినేడు ముప్పై తొమ్మిది వేల రెండు వందలు. వరసగా రెండేళ్లు నలభై వేల లోపు వస్తే ఈ ప్రాంతానికి టీకాల వ్యాను రావడం మానేస్తుంది. అది రాకపోతే చిన్న షెడ్లవాళ్ల గతేమిటో ఆవిడకి బాగా తెలుసు. వ్యాను లేని రోజుల్లో ఒక్క వారంలో షెడ్డుకి షెడ్డే ఖాళీ అవడం కళ్లారా చూసింది.

ఆఫీసరు ఆవిడకంటే పాతికేళ్లు చిన్న. మంచివాడే, కాకపోతే తలనొప్పి అంటే భయం.

"హేచరీ వాళ్లు పంపిన పిల్లలు నలభై ఆరు వేల రెండు వందలు సార్. మామూలుగా నూటికి ఎనిమిది పోతాయి. ఆ లెక్కన నలభై రెండు వేల పైన ఉండాలి. దగ్గర దగ్గర నాలుగు వేల కోళ్లు కనపడటం లేదు," అంది.

"చావుల శాతం పదహారు చేయండి మేడమ్. సరిపోతుంది."

"ఈ ఏడు అన్ని చావులు లేవు సార్. ఉంటే నా ఫోను ఊరుకునేదా? నాలుగు వేల కోళ్లను కాగితం మీద చంపమంటారా?"

"చంపమనడం లేదు. సర్దమంటున్నాను," అన్నాడాయన, నొచ్చుకుంటూ.

లెక్కలమ్మ సర్దలేదు. ఆవిడ పట్టు పడితే విడిపించడం ఎవరి తరమూ కాదు. హేచరీకి ఫోను చేసి, పిల్లలు చేరిన షెడ్ల వరస చదవమంది. అక్కడి గుమాస్తా చదువుతుంటే ఇక్కడ జాబితాలో టిక్కులు పెడుతూ పోయింది. కొట్టేసి ఉన్న ఒక పేరు దగ్గర పెన్సిల్ ఆగింది.

"ఆ షెడ్డు మూతపడింది కదండీ. రైతు పోయి రెండేళ్లయింది."

"ఆయన పోయాడండీ. షెడ్డుకేమైంది? సంతకం వాళ్లావిడ పెడుతోంది."

లెక్కలమ్మ జాబితా దగ్గరికి లాక్కుని చూసింది. ఆ గీత తను కొట్టిందే. 'రైతు మృతి' అని పక్కన రాసి మరీ కొట్టింది. జాబితా మనుషుల పేర్లతో ఉంటుంది. మనిషి పోతే పేరు కొట్టేయడం ఆఫీసు అలవాటు. పేరుతో పాటు షెడ్డూ, అందులోని కోళ్లూ, వాటికి మేత వేసే మనిషీ పోతారని ఎవరూ అనుకోలేదు. అసలు ఎవరూ ఏమీ అనుకోలేదు, అదే వచ్చిన చిక్కు. వెతికితే అలాంటి గీతలు మూడు తేలాయి.

లెక్కలమ్మ భర్త ఇదే ఆఫీసులో అటెండరుగా ఉండేవాడు. ముప్పై నాలుగేళ్లకే పోయాడు. ఆయన బదులు ఆవిడకి ఇక్కడే ఉద్యోగం ఇచ్చారు కాబట్టి కూతుర్ని చదివించుకుంది, తల ఎత్తుకు తిరిగింది. ఆరోజు ఆయన పేరుతో పాటు తననీ ఎవరైనా కొట్టేసి ఉంటే?

"మూడూ తిరిగే టైము లేదు సార్. దగ్గరిది చూసొస్తాను. మిగతా రెండూ ఫోనులో మేత బస్తాల లెక్కతో సరిచూస్తాను," అని చెప్పి స్కూటరు తీసింది.

షెడ్డు దగ్గర స్కూటరు హారన్ కొట్టగానే లోపలి పుంజులన్నీ ఒక్కసారిగా బదులిచ్చాయి. తలుపు తీసిన మనిషికి నలభై ఐదేళ్లుంటాయి. చేతుల నిండా పొట్టు. లెక్కలమ్మను చూసి నోరు వెళ్లబెట్టింది.

"అక్కా, మీరా? ఆయన పోయాక ఇటు రావడమే మానేశారు. ఆడదాన్ని, నాకేం తెలుసులే అని అడగడం లేదేమో అనుకున్నా."

"అంతకంటే పెద్ద తప్పే చేశాను. ఆయనతో పాటు నిన్నూ కొట్టేశాను," అంది లెక్కలమ్మ. "ముందు లెక్క చూద్దాం పద. తిట్లు తర్వాత తిందువు, అంటే, తిట్టుదువు."

షెడ్డావిడ ఫక్కున నవ్వింది. ఇద్దరూ లోపలికి వెళ్లారు.

షెడ్డులో స్తంభాల మధ్య పన్నెండు అరలున్నాయి. అన్ని కోళ్లనూ లెక్కపెట్టడం అయ్యే పని కాదు. లెక్కలమ్మ నోట్లో రెండు వేళ్లు పెట్టి ఈల వేసింది. ఎరుపూ నీలమూ కలిసిన తలలన్నీ ఒక్కసారి పైకి లేచి నిలబడ్డాయి. అవి మళ్లీ కదిలేలోపే ఒక అర లెక్కపెట్టేయాలి. మూడు చోట్ల అలాగే చేసింది. నూట ఎనిమిది, నూట పన్నెండు, నూట ఏడు. సగటు నూట తొమ్మిది. పన్నెండు అరలకి పదమూడు వందల ఎనిమిది.

"పదమూడు వందల పదకొండు," అంది షెడ్డావిడ. "రోజుకి ఎనిమిది బస్తాల మేత. పొద్దున్నే చూసుకుంటాగా."

మూడంటే మూడే తేడా. ఇన్నేళ్లలో ఇంత శుభ్రంగా చెప్పినవాళ్లు లెక్కలమ్మకి ఎక్కువమంది తగల్లేదు.

"వ్యాను ఆపేస్తారంటున్నారు, నిజమేనా అక్కా? ఆపేస్తే మాత్రం ఈ షెడ్డు నిలబెట్టలేను. ఇది తప్ప నాకింకో పని రాదు."

"నువ్వు లెక్కలోకి వస్తే ఆపరు. ఇక్కడ సంతకం పెట్టు. ఆయన పేరు కాదు, నీ పేరు."

షెడ్డావిడ చేతులు చీరకి తుడుచుకుంది. ఒక్కో అక్షరం నెమ్మదిగా రాసింది.

నాలుగింటికి లెక్కలమ్మ ఆఫీసుకి చేరింది. రెండో షెడ్డు రైతు కూతురు నడుపుతోంది, పన్నెండు వందలు. మూడోది కోడలు, పన్నెండు వందల ముప్పై. ఇద్దరూ బస్తాల లెక్క తడుముకోకుండా చెప్పారు. మొత్తం నలభై రెండు వేల మూడు వందల నలభై ఒకటి. హేచరీ లెక్కకి నూట అరవై మూడు తక్కువ, అంతే. పోయినేటి అంకెకి సవరణ కూడా రాసి, కింద కారణం రాసింది: 'జాబితా నిర్వాహకురాలి పొరపాటు.'

ఆఫీసరు ఆ చివరి ముక్క దగ్గర ఆగాడు.

"వెళ్లిపోయే రోజున మీ తప్పు మీరే రాసుకోవడం ఎందుకు మేడమ్? ఇరవై తొమ్మిదేళ్లలో మీ మీద ఒక్క రిమార్కు లేదు."

"ఇప్పుడుంటుంది. పోనివ్వండి సార్. కారణం రాయకపోతే పైవాళ్లు సవరణ ఒప్పుకోరు. వ్యాను పోతుంది."

ఆయన తన సంతకం పెట్టి, కిందనే 'నేనూ సరిచూసుకోలేదు' అని ఒక వాక్యం చేర్చాడు. లెక్కలమ్మకి ఆ మనిషి మీద ఒక్కసారిగా ప్రేమ పుట్టుకొచ్చింది. ఐదుకి ఇంకా ఆరు నిమిషాలుండగా అంకె వెళ్లిపోయింది. పావుగంటలో పైనుంచి ఫోను వచ్చింది. సవరణ తీసుకున్నారు, వ్యాను ఎప్పటిలాగే వస్తుంది. లెక్కలమ్మ వెంటనే షెడ్డావిడకి ఫోను చేసి ఆ మాట చెప్పింది. అవతల ఆవిడ 'వ్యాను వస్తుందట!' అని షెడ్డులోకి కేకేసింది, పుంజులన్నీ బదులిచ్చాయి.

టీ, బిస్కెట్లు అయ్యాయి. నలుగురూ నాలుగు మంచి మాటలు చెప్పారు. ఆవిడ అందరికీ నమస్కారం పెట్టి, వస్తానని చెప్పి, రోజూ దిగినట్టే మెట్లు దిగిపోయింది.

ఆఫీసరు లైట్లు ఆపడానికి వచ్చి ఆవిడ బల్ల దగ్గర నిలబడ్డాడు. వచ్చే ఏడాది ఫారం ఒకటి అక్కడ విడిగా ఉంది. మొదటి గడిలో 'రైతు పేరు' అన్న అచ్చు అక్షరాలను పెన్సిల్‌తో కొట్టేసి, పైన గుండ్రటి చేతిరాతతో రాసి ఉంది: 'ఈ షెడ్డు తలుపు పొద్దున్నే ఎవరు తీస్తున్నారు?'