అయిదు వందల నంబరు బాణాలు

పెళ్ళయిన మూడో వారంలోనే చంద్రిక, తేజేశ్వర్ తమ ఇంటికొక రాజ్యాంగం రాసుకున్నారు. నెలకు ఒక్కొక్కరికి వంద డాలర్లు. దాంతో ఎవరేం కొన్నా రెండోవాళ్ళు "ఎందుకు?" అని అడగకూడదు. కనుబొమ్మలు ఎగరేయడం కూడా నేరమే. ఆగస్టు వందతో తేజ ఇత్తడి బిర్యానీ హండీ కొన్నాడు. అతనికి అన్నం వార్చడం కూడా సరిగ్గా రాదు. చంద్రిక దిండులో ముఖం దాచుకుని నవ్వుకుంది.

సెప్టెంబరు వందతో ఆమె జింకను వేటాడే బాణాలు కొనాలనుకుంది.

విల్లు కొనక్కర్లేదు. తేజ ఆఫీసులో పనిచేసే విద్య తన పాత కాంపౌండ్ బో, కప్పీలున్న వేటవిల్లు, ఇచ్చింది. విద్య వీళ్ళుండే ఊరు నోవైలోనే పుట్టి పెరిగింది. ఏటా ఆకులు రంగు మారగానే పక్క ఊరు హోవెల్ దగ్గర వాళ్ళ నాన్నకున్న స్థలంలో వేటకు దిగుతుంది. చంద్రిక ఇంజనీరింగ్ నాలుగేళ్ళూ కాలేజీ విలువిద్య జట్టులో ఉందని తెలిసి ఎగిరి గంతేసింది. కానీ ఒక షరతు పెట్టింది.

"లుక్ చంద్రికా, అక్టోబర్ ఫస్ట్ సీజన్ ఓపెన్. దానికి ముందు శనివారం నాకు టెస్ట్ ఇవ్వాలి నువ్వు. ట్వెంటీ యార్డ్స్. పేపర్ ప్లేట్. వేటకి పెట్టే అసలు ములుకులతోనే మూడు బాణాలు. మూడూ ప్లేట్‌లో ఉండాలి. ఒక్కటి బయటికి పోతే, సారీ, ఈ ఇయర్ నో."

"మూడు కాదు, ముప్పై వేస్తా," అంది చంద్రిక.

ఆ ధీమా పద్మజ ఆంటీ ఇంట్లో ఆదివారం భోజనాల దాకా చెక్కుచెదరలేదు. నోవైలో తెలుగువాళ్ళ ఇళ్ళలో ఏ శుభకార్యం జరిగినా వంటలు పంచిపెట్టేది పద్మజ ఆంటీయే, మాటలు పంచిపెట్టేదీ ఆవిడే.

"ఏంటమ్మాయ్, వేటకెళ్తున్నావంట? మెళ్ళో పసుపుతాడు ఆరనేలేదు, అప్పుడే జింకల మీద పడ్డావా?"

చంద్రిక తన ప్లేటులోకి చూసింది. "ఆంటీ, ఈ కూరలో మేక తనంతట తనే వచ్చి కుక్కర్‌లో కూర్చుందా?"

పక్కనున్న వాళ్ళు కిసుక్కుమన్నారు. ఎవరికో పొలమారింది.

"అది కొన్నదే! మనం చంపామా?"

"నేనైతే కొట్టి, కోసి, వండి, మీకో డబ్బా కూడా పంపిస్తా."

ఆంటీ తేజ వైపు తిరిగింది. "ఏం తేజా, నువ్వేం చెప్పవా?"

"నాది అల్లం వెల్లుల్లి డిపార్ట్‌మెంట్, ఆంటీ."

మళ్ళీ నవ్వులు. ఆంటీ మాత్రం నవ్వలేదు. గరిటె గిన్నెలో పెట్టి మెల్లగా అంది: "తగిలితే చచ్చిపోతుంది, తగలకపోతే పారిపోతుంది. సగం తగిలితే? కుంటుకుంటూ ఎన్నాళ్ళు తిరుగుతుందో, ఆలోచించావా?"

మిగతా మాటలన్నీ చంద్రిక కారు ఎక్కేలోపే దులిపేసుకుంది. ఆ ఒక్కటి మాత్రం ఇంటిదాకా వెంట వచ్చింది. సగం తగిలే బాణం తను వేయదు. అంతే. అలాగని ఇంట్లో కూర్చోవడం కూడా జరగదు.

మర్నాడు సాయంత్రానికి తేజ ఎక్సెల్ షీటు తయారుచేశాడు. ఎనిమిది కంపెనీలు, పదకొండు వరసలు, రంగులు కూడా.

"ఇదిగో, స్పైన్ నంబరు 250. అన్నిటికంటే తక్కువ. టాప్ ర్యాంక్ ఇదే! కానీ ఆరు బాణాలకే నూట ముప్పై అవుతోంది."

చంద్రికకు నవ్వు ఆగలేదు. "ఇదేమన్నా ఎంసెట్టా, నంబరు తగ్గితే గొప్పవడానికి? అది కాడ ఎంత వంగుతుందో చెప్పే కొలత. తక్కువ నంబరంటే బాగా బిర్రు. డెబ్భై పౌన్ల విల్లు లాగే పహిల్వాన్లకి అది. నేను లాగేది నలభై ఐదు. బిర్రు కాడ నా విల్లు మాట వినదు, ఎటో పోతుంది."

"మరి నీ నంబరెంత?"

"అయిదు వందలు."

"అయ్యో, అంత తక్కువ ర్యాంకా!" అని అతను నిజంగానే బాధపడ్డాడు. ఆ ముఖం చూసి చంద్రికకు ముద్దొచ్చింది, ముద్దు పెట్టేసింది కూడా.

వేట సామాన్ల దుకాణంలో అమ్మే గడ్డాలాయన నేరుగా తేజ దగ్గరికే వచ్చాడు. సార్ ఎంత బరువు లాగుతారని అడిగాడు.

"నేను డ్రైవర్‌ని. విల్లు ఆవిడది," అన్నాడు తేజ.

ఆయన గోడ మీద మెరుస్తున్న పెట్టెలు చూపించాడు. వెంట్రుకవాసి వంకర కూడా ఉండదట. అయిదు వందల నంబరు ఉందా అని చంద్రిక అడిగితే, మూల ఉన్న బుట్ట వైపు చెయ్యి ఊపాడు. "అవి పిల్లలు కొనేవి. ఎవరూ అడగరు కాబట్టి ఆరు డాలర్లకొకటి ఇచ్చేస్తున్నాం. జింకకు మాత్రం ఇవి మంచివని నేను చెప్పను."

"జింకకు నేను చెప్పుకుంటాలెండి," అని ఇంగ్లీషులో నవ్వుతూనే జవాబిచ్చి, బుట్ట ముందు కింద చతికిలబడింది.

బెండకాయలు ఏరినట్టు ఏరింది. ఒక్కో కాడనూ చెవి దగ్గర పెట్టుకుని కొంచెం వంచి, లోపల పగులుంటే వచ్చే చిటపట వినిపిస్తుందేమో విన్నది. వేళ్ళ మధ్య దొర్లించి అదురు చూసింది. గడ్డాలాయన చేతులు కట్టుకుని చూస్తుండగా ఆరు తీసి పక్కన పెట్టింది. తేలిక కాడ జింక లోపలికి దిగదు కాబట్టి, ములికిని పట్టుకునే బరువైన ఇత్తడి తొడుగులు తీసుకుంది. మూడు ములుకులు కలిపితే వందలో ఇంకా ఏడు డాలర్లు మిగిలాయి. ఆ ఏడుతో ఇద్దరూ ఆపిల్ రసం కలిపి వేయించిన వేడివేడి సైడర్ డోనట్లు తిన్నారు. చంద్రిక మూతికంటిన పంచదారను తేజ తుడవబోతే, "ఉండనీ, ఇంటిదాకా తింటా," అంది.

గురువారం సాయంత్రం విద్య అనుమతితో హోవెల్ వెళ్ళి అభ్యాసం చేశారు. మామూలు మొనలతో వేసినంతసేపూ బాణాలు ఒకే చోట, ఒకదాన్నొకటి ఒరుసుకుంటూ దిగాయి. రెక్కల్లాంటి బ్లేడ్లున్న అసలు ములుకులు బిగించి వేస్తే రెండు మధ్యలో దిగాయి. మూడోది జానెడు కుడికి పోయింది. దాన్నే మళ్ళీ వేసింది. మళ్ళీ జానెడే.

జానెడు. సగం తగలడమంటే ఇదే. ఆమె విల్లు దించి, ఆ బాణాన్ని పీకి విడిగా పెట్టుకుంది.

తిరుగుదారిలో తేజ గొంతు సవరించుకున్నాడు. "నా వంద కూడా తీసుకో, చంద్రీ. ఆ గోడ మీదవి కొనుక్కుందాం."

"రాజ్యాంగ సవరణ లేదు."

"డబ్బు గురించి కాదే..."

"నాకూ డబ్బు గురించి కాదు. ఖరీదైన బాణం నా తప్పును దాచిపెడుతుంది. అసలు ఇది నా తప్పా, బాణం తప్పా అన్నది ముందు తెలియాలి కదా."

ఇంటికి రాగానే వంటింటి గ్రానైటు తుడిచింది. ములికి మొన రాతి మీద ఆనించి, కాడను రెండు అరచేతుల మధ్య బొంగరంలా తిప్పి వదిలింది. మొదటిది నిలకడగా, నీడలా తిరిగింది. రెండోదీ అంతే. కుడికి పోయిన బాణం తాగినవాడిలా తూలింది. తప్పు వేసిన చేతిది కాదు, జిగురుతో అంటించిన ఇత్తడి తొడుగు ఓరగా అతుక్కుంది; మామూలు మొనతో తెలియని ఆ ఓర, ములికి రెక్కలకు గాలి తగిలేసరికి బయటపడింది. చంద్రిక గట్టిగా ఈల వేసింది. మిగిలిన మూడు కాడలకూ ములికి మార్చి మార్చి తిప్పితే ఇంకొకటి తూలింది, రెండు నిలబడ్డాయి. నిలకడగా తిరిగిన నాలుగింటికీ గోళ్ళరంగుతో చిన్న ఎర్ర చుక్కలు పెట్టింది. అందులో మూడింటికి ములుకులు బిగించింది.

శనివారం పొద్దున హోవెల్‌లో చలిగాలి కొడుతోంది. విద్య గడ్డిమోపు మీద ప్లేటు గుచ్చి, జేబుల్లో చేతులు పెట్టుకుని నిలబడింది.

మొదటి బాణం మధ్యకు కాస్త పైన దిగింది. రెండోది దాని పక్కనే. మూడోది పూర్తిగా లాగాక గాలి భుజాన్ని తోసింది. చంద్రిక వదల్లేదు. మెల్లగా నారిని సడలించి విల్లు దించేసింది.

"ఏమైంది?" అంది విద్య.

"నచ్చలేదు."

"టైం అయిపోతోంది మరి, చలి!" అని విద్య కావాలనే ఎగతాళి చేసింది.

"నువ్వు వెళ్ళి కాఫీ తాగిరా. నేను ఇక్కడే ఉంటా."

గాలి తగ్గేదాకా నిలబడింది. ముక్కు కారుతున్నా తుడుచుకోలేదు. తర్వాత లాగి, నిలిపి, వదిలింది. టప్ మని చప్పుడు, ఆ వెంటే చిరుగుడు. మూడో ములికి రెండో బాణం ఈకను కోసుకుంటూ ప్లేటులో దిగింది.

"నా ఆరు డాలర్ల బాణం!" అని కేక వేస్తూ పరుగెత్తింది. ఏడుస్తోందో నవ్వుతోందో తేజకు అర్థం కాలేదు.

విద్య బాణాలు పీకి, కాడ మీది నంబరు చదివి తల ఊపింది. "ఓకే. యు ఆర్ ఇన్. కానీ ఆ రోజుకి నావి రెండు తీస్కో. కాస్ట్‌లీవి, సేఫ్‌గా ఉంటుంది."

"నీవి నాకు బిర్రు. వాటితో నేను ప్లేటు కూడా కొట్టలేను."

"ష్యూర్?"

"ఇంకోసారి వేసి చూపించనా?"

విద్య రెండు చేతులూ పైకెత్తి నవ్వేసింది.

చంద్రిక కారు డిక్కీ అంచున కూర్చుని కోసుకుపోయిన ఈకను గీకి, కొత్తది జిగురుతో అంటించి, అది పట్టేదాకా వేళ్ళతో నొక్కి పట్టుకుంది. తేజ వచ్చి పక్కన కూర్చున్నాడు.

"పద్మజ ఆంటీ ఫోన్ చేశారు. మానేసిందా అని అడుగుతున్నారు."

"నువ్వేం చెప్పావు?"

"నీకే చేయమన్నాను."

"మంచి పని చేశావు," అంది చంద్రిక, ఈక మీద నుంచి చూపు తిప్పకుండానే. "చేయనీ. బుధవారం సీజన్ మొదలు, తెల్లారుజామున అయిదింటికల్లా చెట్టు మీద వేట మంచెక్కి ఉంటానని చెప్తా."