గేసా పలక

పాత రికార్డుల ఆఫీసు నేలమాళిగ నుంచి మూడో తోపుడుబండి పైకి తెచ్చేసరికి ఎవర్ట్ కోట్‌మన్ మోకాళ్లు కిర్రుమన్నాయి. ఒక్కొక్కటి పసిపిల్లంత బరువుండే చర్చి రిజిస్టర్లను బల్లమీదికి దించి, తోలు అట్టల దుమ్మును చొక్కా చేతితో తుడిచాడు. ముప్పై ఎనిమిదేళ్లుగా ఇదే పని. కిటికీ గట్టుమీద ఎండపొడ, డబ్బాలో ముల్లంగి ముక్కలు అద్దిన వెన్న రొట్టె ఉంటే ఆ రోజు అతనికి పండగే.

ఇవాళ మూడోది కూడా ఉంది. జేబులో మడత కాగితం.

హాంబుర్గ్ నుంచి వచ్చిన అమ్మాయి ముత్తాత పుట్టుక నమోదు దొరక్క జుట్టు పీక్కుంటోంది. "ఇంటిపేరు లోహోఫ్ కదండీ, ఈ లోహోఫ్ పిల్లల్లో ఆయన లేడేంటి?"

"లోహోఫ్ అనేది పొలం పేరమ్మా. ఇల్లరికం వచ్చినవాడు పాతపేరు గుమ్మం బయటే వదిలేసేవాడు. పెళ్లిళ్ల పుస్తకం చూడు, పాతపేరు అక్కడుంటుంది. మా కొండల్లో పేరు పెట్టేది మట్టి, రక్తం కాదు."

ఈ మాట వెయ్యిసార్లు చెప్పి ఉంటాడు.

పుట మూసుకోకుండా ఇత్తడి పలక ఒకటి, అక్షరాలు పైకి ఉండేలా, జాగ్రత్తగా పెట్టాడు. అది అతని భార్య గేసా సమాధి రాతిది. ఇక్కడ చచ్చినవాళ్లకీ గడువుంటుంది. పాతికేళ్లు నిండాయని పోయిన వసంతంలో రాయి పీకి, నేల చదును చేసి, గడ్డి విత్తనాలు చల్లేశారు. చదును చెయ్యనివల్లా పాత పొలాలవాళ్ల సొంత స్థలాలే. ఓక్ చెట్టు కింద బ్రింక్‌హోఫ్ వాళ్లది రెండు వందల ఏళ్లుగా చెక్కుచెదరలేదు. అందులో తనకింత చోటు, పక్కన గేసా పలక. ఎవర్ట్ కోరిక అంతే. "మా రక్తమైతే కాగితం పట్రా" అంది పోయిన నెల ఆ పొలం యజమానురాలు వీబ్కె బ్రింక్‌హోఫ్.

నిన్న దొరికింది. అతని ముత్తాత తండ్రి ఆ పొలంలో పుట్టిన పెద్దకొడుకు. వీబ్కె పూర్వీకుడేమో ఆ ఇంటి వితంతువును చేసుకున్న పాలేరు!

మధ్యాహ్నం వీబ్కె బురద బూట్లతోనే వచ్చింది. నిలబడే చదివింది. పకపకా నవ్వింది.

"అయితే నేను పాలేరు వంశమన్నమాట! భేష్. మరి మీ పెద్దకొడుకుగారు ఎటు వెళ్లారో?"

"కోట్ అనే గుడిసెకి... ఇల్లరికం."

"ఏ పేరుతో బతికాడు?"

"కోట్‌మన్," అన్నాడు ఎవర్ట్.

"పోయినోడు పేరు వదిలేశాడు, వచ్చినోడు ఎత్తుకున్నాడు. ఊరందరికీ నువ్వు చెప్పేదేగా తాతా, నీకు నేను చెప్పాలా?" కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి అతని రొట్టె డబ్బాలో పడేసి మూత నొక్కింది. "ఆ చోటు పాలేరు మనవళ్లకే చాలట్లేదు."

హాంబుర్గ్ అమ్మాయి తల దించుకుని పెళ్లిళ్ల పుస్తకం తిరగేసింది. గంటకల్లా ముత్తాత దొరికాడు, ఎవర్ట్ చెప్పినట్టే. కేక పెట్టి చూపించబోయింది. అతను బండి పక్కన ముక్కాలిపీట మీద, గోడకి తల ఆనించి, నాలుగో బండి చీటీ చేత్తో పట్టుకుని కూర్చున్నాడు. రెండుసార్లు పిలిచింది. రొట్టె డబ్బా మూత తియ్యనేలేదు.

నా అన్నవాళ్లు లేనివాళ్లను పేరు రాయకుండా పాతే పచ్చిక ఒకటుంది. ఎవర్ట్‌ని అక్కడ పాతారు.

పలక మాత్రం బల్లమీదే ఉంది. మంచి బరువు. ఉబ్బెత్తు అక్షరాలు పాత కాగితాన్ని గీరుతున్నాయని అతని చోట కొత్తగా చేరినతను దాన్ని ఆకురాయితో రుద్ది చదును చేశాడు. ఇప్పుడది ఏ వైపు పెట్టినా ఒకటే.